క్యూదో నేర్చుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? 7 నెలల తర్వాత నన్ను మళ్లీ గడ్డిమోపు దగ్గరికి పంపేశారు

కవాసకి కోడలు:

నమస్కారం అండీ. పోస్టు కొంచెం పెద్దది, ఓపికుంటేనే చదవండి.

మేం జపాన్‌లోని కవాసకి వచ్చి మూడేళ్లయింది. పోయిన ఏప్రిల్‌లో మా వార్డు వ్యాయామశాలలో క్యూదో (జపాన్ వాళ్ల విలువిద్య) కొత్తవాళ్లకి పది క్లాసులని నోటీసు కనబడితే చేరాను. మనిషి కంటే పొడవైన విల్లు, నల్ల హకామా (పావడాలా ఉండే వెడల్పాటి బట్ట), ఫోటోలు బాగా వస్తాయి కదా అనే చేరాను, అబద్ధం ఎందుకు.

మొదటి రెండు క్లాసులు విల్లు ముట్టుకోనివ్వలేదు. ఉత్త నడక. పాదం నేల వదలకుండా జరపాలి, ఊపిరి తీస్తూ ఒక అడుగు, వదులుతూ ఒక అడుగు, ఆగాలి, వంగాలి, మోకాళ్లు నేలకి ఆనించి మునివేళ్ల మీద కూర్చోవాలి, కూర్చున్నట్టే లేవాలి. "బాణాలు వేస్తానని వెళ్లి నడక నేర్చుకుంటోంది, వచ్చే నెల పాకడం నేర్పుతారేమో" అని మా ఆయన మా అత్తగారికి వీడియో కాల్‌లో చెప్పి నవ్వడం. ఆ తర్వాత రబ్బరు కట్టిన చిన్న కర్ర, దాంతో చేతులు ఎత్తడం దించడం. ఆ తర్వాత అసలు విల్లు, కానీ బాణం లేదు. ఆ తర్వాత మకివారా, అంటే గడ్డిని బిగించి చుట్టి బల్ల మీద పెట్టిన మోపు, దానికి రెండు మీటర్ల దూరంలో నిలబడి వేయాలి. రెండు మీటర్ల నుంచి ఎవరికి తగలదండీ? అసలు గురి ముందు, 28 మీటర్ల గీత దగ్గర నిలబడేసరికి ఆగస్టు వచ్చింది.

మొదటిసారి తగిలినప్పటి చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది. చట్రానికి బిగించిన కాగితం కదా, ఠప్‌మని డోలు మీద దెబ్బ పడ్డట్టు వస్తుంది. సెప్టెంబరుకల్లా నాలుగింటికి రెండు తగులుతున్నాయి, ఒకరోజు మూడు. పెద్దవాళ్లంతా చప్పట్లు. నాకు కాళ్లు నేల మీద ఆగలేదు.

అక్టోబరులో మొదలైంది. విల్లు పూర్తిగా లాగాక కాసేపు అలాగే ఆగాలి, దాన్ని కాయ్ అంటారు. నాకు ఆ ఆగడం పోయింది. బాణం చెంపకి తగలగానే చెయ్యి దానంతటదే వదిలేస్తోంది. ఆగుదామనే అనుకుంటా, ఒట్టు, మనసులో ఆగు ఆగు అనుకుంటూనే ఉంటా, బాణం వెళ్లిపోతుంది. రెండు వారాలయ్యేసరికి చెంప దాకా కూడా రావట్లేదు. సెన్సేయ్ (గురువుగారు) చూసి ఒక్క మాట అన్నారు, "హయాకే". అని మకివారా వైపు చెయ్యి చూపించారు. నవంబరు మొత్తం అక్కడే ఉన్నాను. నా తర్వాత చేరినవాళ్లు గురి ముందు నిలబడుతుంటే నేను ఓ మూల గడ్డిమోపుతో.

అడిగితే ఆయన చెప్పేది ఒకటే, "తగలడం ముఖ్యం కాదు". మరి తగిలినప్పుడు ఆ చప్పట్లు దేనికి? ఇందులో నిజంగా ఏదైనా తత్వం ఉందా, లేక మనల్ని అణిగిమణిగి ఉంచే పద్ధతా? ఇది తగ్గుతుందా అసలు? మానేద్దామా అని కూడా ఉంది.


సెందాయ్ చలి:

మానేయకండి అండీ, కనీసం ఇది చదివేదాకా. నేను సెందాయ్‌లో ఆరేళ్లుగా చేస్తున్నాను, పీహెచ్‌డీకి వచ్చి యూనివర్సిటీ క్లబ్బులో దొరికిపోయాను. హయాకే నాకు ఎనిమిది నెలలు ఉంది. మీకు రెండు నెలలేగా.

ముందు మీకొచ్చింది సిగ్గుపడే జబ్బు కాదు. హయా అంటే తొందర, కే అంటే మనసు స్థితి. జపాన్‌లో హైస్కూల్ క్లబ్బుల పిల్లల్ని అడగండి, సగం కథలు దీని గురించే చెబుతారు. ఇంకో సంగతి, ఇది తగలనివాళ్లకి రావడం నేను పెద్దగా చూడలేదు. తగలడం మొదలైనవాళ్లకే వస్తుంది. మీకూ అంతేగా, సెప్టెంబరులో మూడు తగిలాయి, అక్టోబరులో మొదలైంది. ఆ ఠప్ చప్పుడు ఉంది చూశారూ, దానికి చెయ్యి రుచి మరిగింది. పిల్లాడికి చాక్లెట్ రుచి తెలిశాక అన్నం అయ్యేదాకా ఆగడు. కళ్లకి గురి కనబడగానే చెయ్యి పని ముగించేస్తోంది, మిమ్మల్ని అడగట్లేదు.

అందుకే మకివారా. అది శిక్ష కాదు. రెండు మీటర్ల నుంచి ఎవరికి తగలదండీ అన్నారు కదా, మందు అక్కడే ఉంది. తగలడమో తప్పడమో అన్న ప్రశ్నే లేదు కాబట్టి చెయ్యికి ఆశ పడే వస్తువు లేదు. 

ఒక బాణం వేయడంలో ఎనిమిది దశలని మీకు చెప్పే ఉంటారు. పాదాలు పెట్టడం, నడుము నిలపడం, నారి పట్టుకోవడం, విల్లు పైకెత్తడం, లాగడం, కాయ్, హనారే (బాణం వదలడం), చివర జాన్షిన్ (వదిలాక కాసేపు అలాగే నిలబడటం). కాయ్ అనేది ఆరోది. కొత్తవాళ్లంతా అనుకునేదేంటంటే (నేనూ అనుకున్నా) కాయ్ అంటే లాగడం అయిపోయాక గురి చూసుకునే టైమ్ అని. కాదు. లాగడం అక్కడ ఆగిపోదు. బయటికి కదలిక కనబడదంతే, లోపల ఎడమ చెయ్యి గురి వైపు, కుడి మోచెయ్యి వెనక్కి, వెన్ను పైకి, ఇలా సాగుతూనే ఉండాలి. సాగడం ఆగిపోయిన క్షణంలో శరీరానికి ఇంకేం పని లేదు, వదిలేస్తుంది. హయాకే ఉన్నవాళ్లని పక్కనుంచి చూడండి, వదిలే ముందు ఎడమ చెయ్యి ఇసుమంత సడలి ఉంటుంది. మీ సెన్సేయ్ చూసింది అదే అయ్యుంటుంది, మీ బాణం ఎక్కడ పడిందన్నది కాదు.

కాయ్ అనే అక్షరానికి అర్థం కలవడం. హనారే అంటే విడిపోవడం. కలిసినవాళ్లు విడిపోక తప్పదని ఒక బౌద్ధ సామెత ఉంది ఇక్కడ, ఈ రెండు పేర్లకీ దాన్ని జోడించి చెబుతారు పెద్ద సెన్సేయ్‌లు. మొదట విన్నప్పుడు కవిత్వంలే అనుకున్నా. హయాకే వచ్చాక అర్థమైంది, కలవకుండానే విడిపోతున్నానని.

నేనేం చేశానో చెబుతా. ఒకటి, విల్లు బలం తగ్గించాను. 15 కిలోల విల్లు నుంచి 10కి దిగాను, హైస్కూల్ అమ్మాయిలు పట్టే విల్లు, అహంకారానికి బాగా తగిలింది. రెండు, మకివారా ముందు బాణం పెట్టి పూర్తిగా లాగి, ఆరు లెక్కపెట్టి, వదలకుండా మెల్లగా వెనక్కి దించేయడం. రోజుకి ఇరవై సార్లు. వదలకుండా దించడం వదిలేయడం కంటే ఎంత కష్టమో మీకే తెలుస్తుంది, మొదటి వారం నాకు చెమటలు పట్టాయి. మూడు, ఒక సీనియర్ వెనక నిలబడి నా కుడి మోచేతి మీద రెండు వేళ్లు ఆనించి ఉంచేవాడు, పట్టుకోడు, ఆనిస్తాడంతే. ఆ రెండు వేళ్లు ఉన్నంతసేపూ చెయ్యి బుద్ధిగా ఉండేది. తీసేస్తే మళ్లీ మొదటికే. అలా ఎనిమిది నెలలు.

ఒక జాగ్రత్త: అసలు విల్లుకి బాణం లేకుండా లాగితే లాగండి గానీ నారి మాత్రం వదలొద్దు. విల్లు పాడవుతుంది, తిట్లు కూడా పడతాయి. వదలడం సాధన చేయాలంటే రబ్బరు కర్రే.


బెజవాడ బాణం:

అక్కా, నేను క్యూదో కాదు, కాంపౌండ్ (కొసల్లో చక్రాలుండే కొత్తరకం విల్లు). విజయవాడలో ఏడేళ్లు వేశాను, ఇప్పుడు ఉద్యోగం వచ్చి బెంగళూరులో ఆదివారాలు మాత్రమే. మా ఊళ్లో జ్యోతి సురేఖ గారిని చూసి విల్లు పట్టుకున్న బ్యాచ్ మాది, హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మూడు గోల్డ్ మెడల్స్ వచ్చినప్పుడు వీధంతా స్వీట్లు పంచాం.

మీకొచ్చింది మా భాషలో టార్గెట్ పానిక్. జపాన్ స్పెషల్ ఏం కాదు. మా దాంట్లో నారిని వేళ్లతో పట్టుకోం, రిలీజ్ అని చేతిలో ఇమిడే చిన్న పరికరం ఉంటుంది, దానికి బటన్. సైట్ పిన్ (గురి చూసుకునే చుక్క) టార్గెట్ మధ్యలోని పసుపు రంగు మీదికి వచ్చీ రాగానే బొటనవేలు బటన్ కొట్టేస్తుంది. లేదంటే రివర్స్‌లో, పిన్ పసుపు కింద ఇరుక్కుపోతుంది, పైకి రమ్మన్నా రాదు. నాకు రెండోది వచ్చింది, స్టేట్ మీట్‌కి మూడు వారాల ముందు. రాత్రిళ్లు నిద్రలో కూడా పిన్ కింద ఆగిపోయినట్టే కలలు.

కోచ్ ఏం చేశారంటే టార్గెట్ పేపర్ పీకేశారు. ఖాళీ బేల్ (గడ్డి దిమ్మ). మూడు మీటర్ల దూరం, కళ్లు మూసుకుని వెయ్యమన్నారు. నెల రోజులు. అంటే మీ గడ్డిమోపే అక్కా! మా కోచ్‌కి జపాన్ గురించి ఏమీ తెలీదు, అయినా మందు అదే ఇచ్చారు. రికర్వ్ (ఒలింపిక్స్‌లో కనబడే విల్లు) వాళ్లకైతే క్లిక్కర్ అని చిన్న రేకు ఉంటుంది, బాణం పూర్తిగా వెనక్కి వచ్చాక టిక్‌మంటుంది, ఆ టిక్ వినబడ్డాకే వదలాలి. ఎప్పుడు వదలాలో మనసుకి కాకుండా రేకుకి అప్పజెప్పడం అన్నమాట.

అందుకని సెందాయ్ అన్నకి ఒక చిన్న అభ్యంతరం. దీన్ని తత్వం అనొద్దు. కలవడం విడిపోవడం బాగుంది గానీ, ఇది అలవాటు. మెదడు చూడటాన్నీ వదలడాన్నీ కలిపి ముడేసుకుంది, ఆ ముడి విప్పాలి. అంతకంటే ఏం లేదు. మాకు 50 మీటర్ల దగ్గర పదికి పది రావాలంటే 8 సెంటీమీటర్ల వలయంలో పడాలి, తగలడం ముఖ్యం కాదంటే ఇంటికి పంపేస్తారు. మీ గురి 36 సెంటీమీటర్లు, అందులో ఎక్కడ తగిలినా తగిలినట్టే, మధ్యలో తగిలినా అంచుకి తగిలినా ఒకటే మార్కు. కొంచెం కుళ్లుగా ఉంది నాకు.

కాయ్ పండకముందే కోసేస్తున్నారు, అంతే మీ ప్రాబ్లమ్. (క్షమించాలి, ఆగలేకపోయా.)


కవాసకి కోడలు:

బెజవాడ తమ్ముడూ, ఆ జోకు మా ఆయనకి చదివి వినిపించాను, ఇక ఈ ఇంట్లో నాకు మనశ్శాంతి లేదు.

సెందాయ్ గారూ, దించడం ఇవాళ చేసి చూశాను. ఇరవై అన్నారు, నాలుగోదానికే బాణం వెళ్లిపోయింది. గడ్డిలో గుచ్చుకున్నాక చూసుకున్నా, వదిలింది నేనేనా అని. భయమేసింది కొంచెం.

చిన్నప్పటి నుంచి అర్జునుడు, పిట్ట కన్ను కథ వింటూ పెరిగాం కదా. కన్ను తప్ప ఇంకేమీ కనబడకూడదని. ఇక్కడేమో గురిని అలా తినేసేలా చూడొద్దంటున్నారు. బుర్ర తిరుగుతోంది. పైగా జర్మన్ ఆయన రాసిన జెన్, విలువిద్య పుస్తకం ఒకటి ఇంగ్లీషులో చదివాను, అందులో వదిలేది నువ్వు కాదు, "అది" వదులుతుంది అంటాడు. నాకు అదే కదా జరుగుతోంది? నేను వదలట్లేదు, అదే వదులుతోంది. మరి సెన్సేయ్ తప్పంటారేంటి?


పాత కాగితాలు:

కోడలుగారూ, ఆ చివరి ప్రశ్న అదిరింది. నేను విల్లు పట్టినవాణ్ణి కాదు, చరిత్ర పిచ్చి ఉన్నవాణ్ణి, కాబట్టి దీనికి మాత్రం నా రెండు రూపాయలు.

ఆయన పేరు ఓయ్‌గెన్ హెరిగెల్. 1924 నుంచి 1929 దాకా సెందాయ్‌లోని తొహోకు యూనివర్సిటీలో తత్వశాస్త్రం చెప్పాడు. గురువు ఆవా కెంజో. పుస్తకం వచ్చింది 1948లో, అంటే నేర్చుకుని తిరిగెళ్లిన దాదాపు ఇరవై ఏళ్లకి. ఆయనకి జపనీస్ అంతంతమాత్రం, కొమాచియా అనే సహోద్యోగి దుబాసీగా ఉండేవాడు. ఆవా గారు తన సొంత మార్గం ఒకటి పెట్టుకున్న విలక్షణమైన మనిషి గానీ, జెన్ మఠంలో సాధన చేసినవాడు కాదు. చీకట్లో రెండు బాణాలు వేస్తే రెండోది మొదటిదాని తోకని చీల్చిందనే ఘట్టం మీరు చదివే ఉంటారు. దాని గురించి తర్వాత కొమాచియా ఆవానే అడిగితే, అది కాకతాళీయం, కావాలని చేసింది కాదు అన్నాడట. ఇదంతా యమదా షోజి అనే జపాన్ పరిశోధకుడు తవ్వి తీసి 2001లో ఇంగ్లీషులో కూడా రాశాడు. దుబాసీ లేనప్పుడు జరిగిన మాటలే ఆ పుస్తకంలో మరీ మార్మికంగా ఉన్నాయని ఆయన గమనింపు. ఆ "అది" కూడా, బాణం బాగా వచ్చినప్పుడు గురువు "అదీ, అలా!" అని మెచ్చుకున్న మామూలు మాటని హెరిగెల్ ఇంకేదో అనుకుని ఉండొచ్చని ఆయన అనుమానం. మనం పిల్లాణ్ణి "అదీ లెక్క" అంటామే, దాని మీద ఒక వేదాంతం కట్టేసినట్టు!

ఇక "తగలడం ముఖ్యం కాదు" అనే మాట ఎంత పాతదో చూద్దాం. క్యోతోలో సాంజూసాన్‌గెన్‌దో అని పొడవాటి గుడి ఉంది. దాని పడమటి వసారాలో ఈ చివర కూర్చుని ఆ చివరికి, దాదాపు 120 మీటర్లు, పైన చూరుకి తగలకుండా బాణం దాటించే పందెం ఉండేది. 1686లో వాసా దైహచిరో అనే కుర్రాడు ఒక రాత్రి, ఒక పగలు కలిపి 13,053 బాణాలు వేసి 8,133 దాటించాడు. లెక్కేయండి, ఆరున్నర సెకన్లకొకటి, ఇరవైనాలుగు గంటలు. మీరు చెప్పే ఆరు లెక్కపెట్టే కాయ్ ఎక్కడ పెట్టేవాడండీ అందులో? లెక్కలన్నీ ఎన్ని దాటాయన్నదాని మీదే, ఆయన మనసు ప్రశాంతంగా ఉందా అని ఎవరూ అడగలేదు. క్యూజుత్సు (విలు నైపుణ్యం) అన్న పేరుని క్యూదో (విలు మార్గం) అని సంస్థలు అధికారికంగా మార్చింది కూడా 1919లో. 1543లో తుపాకీ దిగాక యుద్ధంలో విల్లు పని తగ్గుతూ వచ్చింది. పనిలేని విద్యకి తత్వం అంటుకుంటుంది, ఏ దేశంలోనైనా.

మీ సెన్సేయ్‌ని తప్పు పట్టట్లేదు. వెయ్యేళ్ల రహస్యం అనుకుని మాత్రం భయపడకండి.


సెందాయ్ చలి:

పాత కాగితాలు గారూ, చదివి ఆనందించాను, చివరి వాక్యం తప్ప. అంటుకోవడం నిజమే. కానీ అంటుకున్నది పని చేస్తోందా లేదా అన్నది వేరే ప్రశ్న కదా.

వాసా దైహచిరో పందెం వేరే ఆట. ఇవాళ మనం కట్టుకునే గట్టి బొటనవేలు గ్లవ్ ఆ పందేల వల్లే అలా తయారైందంటారు, కాబట్టి ఆయనకి దండం పెట్టాల్సిందే. కానీ ఇప్పుడు మనం చేసే క్యూదో ఒకే ఊటలోంచి వచ్చింది కాదు. రాజమర్యాదల ఒగసవరా పద్ధతి ఒకటి, యుద్ధంలోంచి వచ్చిన హెకి పద్ధతి ఒకటి. హొందా తోషిజానే అనే ఆయన మెయిజీ కాలంలో (1868-1912) ఈ రెండింటినీ కలిపాడు, ఆవా కెంజో గురువు ఆయనే. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఓడిపోయాక అమెరికా వాళ్లు యుద్ధవిద్యలు ఆపించారు, తర్వాత 1949లో జాతీయ సమాఖ్య పెట్టారు. వాళ్లు పెట్టుకున్న లక్ష్యం సత్యం, మంచితనం, సౌందర్యం. మన సత్యం శివం సుందరం గుర్తొచ్చింది కదా, నాకూ వచ్చింది.

కోడలుగారి చప్పట్ల ప్రశ్నకి జవాబు అందులో సత్యం దగ్గర ఉంది. సరిగ్గా వేసిన బాణానికి మూడు సాక్ష్యాలంటారు: అది వెళ్లే తీరు, నారి మోత, తగలడం. అంటే తగలడం సాక్ష్యం. సాక్షి ముఖ్యమే గానీ, సాక్షిని కొనేస్తే ఆ కేసుకి విలువేముంది? చెయ్యి ముందే వదిలేసినా ఒక్కోసారి తగులుతుంది, అది కొన్న సాక్ష్యం. అందుకే మొదటి దాన్ (స్థాయి) పరీక్షలో బాణాలు తగిలి తీరాలని లేదు, చెల్లాచెదురుగా పడకుండా, రూపం కుదిరితే చాలు. పైకి వెళ్లేకొద్దీ మాత్రం తగలకపోతే ఎవరూ ఊరుకోరు. "తగలడం ముఖ్యం కాదు" అని మీ సెన్సేయ్ మీతో అంటారు, మీకు ఈ నెలలో అవసరమైన మందు అది కాబట్టి. ఐదో దాన్ వాళ్లతో అనగా వినండి చూద్దాం.

"అది వదిలింది" అన్నదానికి. తేడా చాలా సింపుల్ అండీ. దించమంటే దించగలరా? నాలుగోది వెళ్లిపోయిందన్నారు. దించగలిగే స్థితిలో ఉండి, సాగుతూ సాగుతూ ఉండగా దానంతటదే తెగితే అది హనారే. దించలేని స్థితిలో వెళ్లిపోతే అది హయాకే. పక్కనుంచి చూసేవాడికి రెండూ చేయి దానంతటదే వదిలినట్టే ఉంటాయి.

ఇక అర్జునుడు. ఆ కథలో మనం ఎప్పుడూ పట్టించుకోని ముక్క ఒకటుంది. ద్రోణుడు ధర్మరాజుని పిలిచాడు, ఎక్కుపెట్టమన్నాడు, ఏం కనబడుతోందని అడిగాడు, చెట్టు, పిట్ట, మీరు, తమ్ముళ్లు అన్నాడు, సరే దించు అన్నాడు. దుర్యోధనుణ్ణీ అంతే. అందరినీ అంతే. లాగిన విల్లుతో నిలబడి గురువు అడిగే ప్రశ్నలకి తాపీగా జవాబులు చెప్పి, దించమంటే దించి పక్కకెళ్లారు! వాళ్లలో ఒక్కడికీ హయాకే లేదండీ. మనం అర్జునుడి కంటే ముందు ధర్మరాజంతవాళ్లమైతే చాలు.

ఏకలవ్యుడి గురించి కూడా ఒకటి చెప్పి ఆపేస్తా. ఒలింపిక్స్ విల్లు నారిని మూడు వేళ్లతో లాగుతారు, బొటనవేలికి పని లేదు, అందుకని చిన్నప్పుడు నాకు ఆ గురుదక్షిణ అర్థమయ్యేది కాదు, వేరే వేళ్లు ఉన్నాయిగా అనుకునేవాణ్ణి. క్యూదో గ్లవ్ కట్టి, నారిని బొటనవేలి మొదట్లో తగిలించి మొదటిసారి లాగినరోజు అర్థమైంది. ఇలా లాగేవాడికి బొటనవేలు పోతే విల్లే పోయినట్టు. ఆ సాయంత్రం అన్నం సహించలేదు, నిజంగా.


బెజవాడ బాణం:

ధర్మరాజుకి హయాకే లేదు!! అన్నా ఇది మా అకాడమీ గ్రూపులో పెడుతున్నా.

దించగలిగితేనే వదలడం అన్న ముక్క ఒప్పుకుంటా. మా కోచ్ కూడా మీట్‌లో టైమ్ అయిపోతున్నా సరే, నచ్చకపోతే దించి మళ్లీ లాగు అని అరిచేవారు, దించడానికి గుండె కావాలి అనేవారు. తత్వం అనే మాట మాత్రం ఇంకా ఒప్పుకోను. అలవాటే.


ఉప్మా వద్దు:

ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ ఆ మునివేళ్ల మీద కూర్చోవడం గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు ఒసాకాలో ఆ కిజా వల్లే సగం ప్రాణం పోయింది. వరసలో ఐదుగురు నిలబడి వేస్తారు కదా, నేను చివరివాణ్ణి, ముందు నలుగురూ నింపాదిగా వేసేదాకా కాలివేళ్ల మీదే. ఇంట్లో కూరగాయలు తరిగేటప్పుడు అలా కూర్చుని తరగండి, రెండు నిమిషాలతో మొదలుపెట్టి. మా ఆవిడ కత్తిపీట ముందు నన్ను చూసి ఎవరితో యుద్ధం అని అడిగింది. మూడు వారాల్లో వేళ్లు సాగాయి. వేళ్లు నొప్పిగా ఉంటే లేచాక కాయ్ ఎలా నిలుస్తుంది, కాళ్లు ఎప్పుడు అయిపోతుందా అంటుంటే చేతులూ అదే అంటాయి.


కవాసకి కోడలు:

అందరికీ థ్యాంక్స్. ఐదు వారాల తర్వాత రాస్తున్నా, ఇలాంటి పోస్టులకి తర్వాత ఏమైందో ఎవరూ చెప్పరని నాకే చిరాకు కాబట్టి.

తగ్గలేదు. అంటే పూర్తిగా తగ్గలేదు. విల్లు 11 కిలోల నుంచి 8 కిలోలకి మార్చమని నేనే అడిగాను, సెన్సేయ్ మొదటిసారి నవ్వడం చూశాను, అప్పటికే పక్కన తీసిపెట్టి ఉంచారు. దించడం ఇప్పుడు ఇరవైలో పదహారో పదిహేడో అవుతున్నాయి. బాణం వెళ్లిపోయే ముందు ఎడమ భుజం దగ్గర చిన్న వణుకు వస్తుందని కనిపెట్టాను, అది వచ్చిందంటే దించేస్తున్నాను. బెజవాడ తమ్ముడు చెప్పినట్టు కళ్లు మూసుకుని వేస్తానంటే ఒప్పుకోలేదు, రూలు కాదట, కానీ మకివారా లైటు తీసేసి వేయనిచ్చారు. చీకట్లో నాలుగు లెక్కపెట్టేదాకా ఆగాను. రెండో బాణం మొదటిదాన్ని చీల్చలేదు లెండి.

"తగలడం ముఖ్యం కాదు" గురించి ధైర్యం చేసి అడిగాను, ఐదో దాన్ వాళ్లతో కూడా ఇలాగే అంటారా అని. ఆయన కాసేపు ఆలోచించి, వాళ్లతో అస్సలు మాట్లాడను, వాళ్లు వినరు అన్నారు.

జనవరిలో ఒకరోజు గురి ముందు రెండు బాణాలు వేయనిచ్చారు. మొదటిది మూడు లెక్కపెట్టాక వెళ్లింది, గురికి ఒక చేతి మందం కింద ఇసుకలో దిగింది. రెండోది చెంప దగ్గరే పోయింది, తగిలింది కూడా. చప్పట్లు కొట్టింది మాత్రం మా ఆయన ఒక్కడే, చూడటానికి వచ్చాడులెండి, పక్కవాళ్లంతా ఆయన వైపు తిరిగి చూశారు. నేను మళ్లీ మకివారా దగ్గరికి వెళ్లిపోయాను, ఈసారి ఎవరూ చెయ్యి చూపించలేదు.

ఉప్మా గారూ, కత్తిపీట ఇక్కడ దొరకట్లేదు, చాపింగ్ బోర్డు నేల మీద పెట్టుకుని కూర్చుంటున్నా. ఐదు నిమిషాలు దాటింది. సొంత గ్లవ్ కొనుక్కోమంటున్నారు, మూడు వేళ్లదే తీసుకోమన్నారు, కొత్తది గట్టిగా ఉంటుందా, ఎన్నాళ్లకి చేతికి అలవాటవుతుందో సెందాయ్ గారు చెప్పగలరా?